ముందు సాకెట్ పీకి చూడండి

పదేళ్లు దాటిన డీజిల్ వ్యాన్‌కి పికప్ పోయింది, మెకానిక్‌లు గాలి సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) మార్చేయమంటున్నారు, మార్చాలా అని ఒకరు అడిగారు. ఒక్కసారైనా కడిగి చూడకుండా మార్చకండి.

మూడేళ్ల కిందట మా వ్యాన్‌లో అరకు బయల్దేరాం, చిన్నా పెద్దా తొమ్మిది మందిమి. శృంగవరపుకోట దాకా బాగానే వచ్చింది. ఘాట్ ఎక్కాక మాత్రం యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదే! అనంతగిరి చేరేసరికి రెండో గేరులో కూడా ఈడ్చుకుంటూ పోతోంది. మలుపులో వెనక బస్సువాడు ఒకటే హారన్. నా అరచేతులకి చెమటలు. వెనక సీట్లో మా అత్తగారు సింహాద్రి అప్పన్నకి మొక్కేసుకున్నారు.

తిరిగొచ్చాక ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం, పోయిందన్నారు. మనసొప్పక గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక పైపులో ఉన్న సెన్సర్ సాకెట్ పీకేసి, "ఓ రౌండ్ కొట్టి రా బాబూ" అన్నాడు. చెక్ లైటు వెలిగింది గానీ బండి ముందుకన్నా హాయిగా లాగింది. సెన్సర్ తప్పుడు లెక్క చెప్తుంటే ఇంజిన్ కంప్యూటర్ దాన్నే నమ్ముతుంది. అసలేమీ చెప్పకపోతే తన దగ్గరున్న లెక్కతో నడిపించుకుంటుంది.

విప్పి చూపించాడు. వెంట్రుకంత తీగ, దాని మీద నూనె జిడ్డుతో పేరుకున్న దుమ్ము. ఆ తీగని కరెంటు వేడి చేస్తుంటే, లోపలికొచ్చే గాలి చల్లారుస్తుంది. దాన్నిబట్టే ఎంత గాలి వచ్చిందో లెక్క. దుమ్ము కప్పేస్తే ఇంజిన్ కంప్యూటర్ గాలి తక్కువనుకుని డీజిల్ తగ్గించేస్తుంది. సాకెట్ పిన్నులకి పచ్చటి చిలుం కూడా, సముద్రపు గాలికి మన ఊళ్లో ఇది మామూలే.

ఈ సెన్సర్ కోసమే దొరికే స్ప్రే కొట్టాడు. కార్బురేటర్ క్లీనర్ వాడొద్దు, తీగకి గుడ్డ గానీ వేలు గానీ తగలనివ్వొద్దు. బాగా ఆరాక బిగించాడు. ఇప్పటికీ అదే సెన్సర్.

నన్నడిగితే అసలు దోషం ఫిల్టర్‌ది. పోర్టు రోడ్డులో బొగ్గు లారీల వెనక తిరిగే బండికి, ఫిల్టర్ మార్చడానికి బుక్కులో రాసిన కిలోమీటర్ల దాకా ఆగుతామా? పైగా సర్వీసింగ్ కుర్రాళ్లు మురికి వైపు నుంచే ఎయిర్ కొట్టి దుమ్మంతా లోపలికి తోసేస్తారు. ప్రెషర్ గన్‌తో ఇంజిన్ మీదే నీళ్లు కొడతారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. అందుకే దగ్గరుండి చేయించుకుంటున్నాను.

కడిగాక కూడా సాకెట్ పీకితేనే బాగా లాగుతుంటే అప్పుడు మార్చండి, పార్ట్ నంబరు సరిచూసుకుని. పీకినా తేడా లేకపోతే టర్బో గొట్టాలు ఎక్కడైనా చిరిగాయేమో చూపించండి.