స్కీ శిక్షకురాలికి ఏ ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కావాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. నిరుడు చలికాలంలో మనాలీ పర్వతారోహణ సంస్థ వారు సోలంగ్‌లో నడిపే బేసిక్ స్కీ కోర్సుకు వెళ్లి ‘ఎ’ (A) గ్రేడు తెచ్చుకుంది. ఇప్పుడు స్కీ శిక్షకురాలిని అవుతానంటోంది. మన దేశంలో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత బ్రిటిష్ లైసెన్సుకు వెళ్లాలని ఆలోచన. వివరాలు చూస్తే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కావాలంటున్నారు. కాలేజీలో ఒక పూట ఆన్‌లైన్‌లో చేసినది తన దగ్గర ఉంది. అది చాలదా? చాలకపోతే ఏది చేయించాలి, ఇక్కడ దొరుకుతుందా? తన దగ్గర నేర్చుకునేవారికి దెబ్బ తగిలితే కేసు పిల్ల మీదకు వస్తుందేమోనని కూడా భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు:

అమ్మా, ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలదు. ఆ కోర్సు వృథా అయిందని కాదు. అందులో చెప్పిన విషయాలు అమ్మాయికి గుర్తుంటే మంచిదే. అయితే బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కకుండా, విరిగిన కాలికి ఒక్కసారైనా బద్ద కట్టకుండా, స్పృహ లేని మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టకుండా వచ్చిన సర్టిఫికెట్‌ను మంచు వాలు మీద మనుషుల్ని అప్పగించేవారు లెక్కలోకి తీసుకోరు, తీసుకోకూడదు కూడా. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని చదువుకోవడం ఒక ఎత్తు, రెండు నిమిషాలు అలా నొక్కేసరికి భుజాలు ఎంత పీకుతాయో తెలుసుకోవడం ఇంకో ఎత్తు.

ఇక నిబంధనల సంగతి. ఈ విషయంలో అన్ని దేశాల పద్ధతీ ఒకటి కాదు. బ్రిటిష్ స్నోస్పోర్ట్ శిక్షకుల సంఘం, అంటే బాసీ, స్కీయింగ్ పరీక్ష నెగ్గినంత మాత్రాన లైసెన్సు ఇవ్వదు. గడువు తీరని ప్రథమ చికిత్స సర్టిఫికెట్, నేర చరిత్ర లేదన్న ధ్రువీకరణ, పిల్లల భద్రతపై శిక్షణ కూడా పూర్తి చేయమంటుంది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య స్కీ శిక్షకుల అర్హతను పరస్పరం గుర్తించేందుకు 2019లో తెచ్చిన ఉమ్మడి పరీక్షలో స్కీయింగ్ నైపుణ్యం ఒక భాగం, భద్రతా సామర్థ్యం మరో భాగం. అమెరికాలో మాత్రం గాయపడినవారిని చూసుకునే బాధ్యత ప్రధానంగా స్కీ పెట్రోల్, అంటే వాలుల మీద గస్తీ తిరిగే రక్షణ సిబ్బందిది. అక్కడి నేషనల్ స్కీ పెట్రోల్ 1938లో మొదలైంది. దాని సభ్యులకు బహిరంగ అత్యవసర చికిత్సలో ప్రత్యేకమైన, పెద్ద కోర్సు ఉంటుంది. పెట్రోల్ వచ్చేదాకా గాయపడినవారిని, మిగిలిన విద్యార్థులను కాపాడుకోవడం శిక్షకుల పని. అందువల్ల అమ్మాయి ఏ దేశం వైపు చూస్తున్నా, సంఘం నిబంధనలతో పాటు ఉద్యోగం ఇచ్చే స్కీ పాఠశాల నిబంధనలను కూడా విడిగా అడిగి తెలుసుకోవాలి.

మన దేశంలో దారి వేరుగా ఉంటుంది. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్‌మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, పహల్గామ్‌లోని జవహర్ సంస్థ వంటివి స్కీయింగ్ నేర్పుతాయి. ఈ రంగంలో కింది కోర్సులో మంచి గ్రేడు వచ్చినవారికే పై కోర్సులు, ఆ తర్వాత బోధన పద్ధతుల కోర్సు అందుబాటులోకి వస్తాయి. మీ అమ్మాయికి ‘ఎ’ గ్రేడు రావడం అందుకే విలువైన విషయం. ఇలాంటి కోర్సుల్లో ప్రథమ చికిత్స మీద పాఠాలు ఉన్నా, వాటిని విడి సర్టిఫికెట్‌కు బదులుగా చూపించగలమని అనుకోవద్దు. ఎన్‌సీసీలో నేర్చుకున్న ప్రథమ చికిత్సకూ ఇదే మాట వర్తిస్తుంది. అడిగేవారికి కావలసింది ఎన్ని గంటల శిక్షణ, ఎవరు ఇచ్చారు, ప్రత్యక్షంగా జరిగిందా, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న నాలుగు వివరాలు స్పష్టంగా ఉన్న పత్రం.

ఏది చేయించాలంటే, నేను రెండు మెట్లుగా చేయించమంటాను. మొదటిది ఈ నెలలోనే, బెంగళూరులోనే చేయవచ్చు. రేస్ కోర్స్ రోడ్డులోని రెడ్ క్రాస్ భవన్‌లో భారత రెడ్ క్రాస్ కర్ణాటక శాఖ ఉంది. అక్కడ గానీ, సెయింట్ జాన్ అంబులెన్స్ వారి దగ్గర గానీ తదుపరి ప్రథమ చికిత్స తరగతి ఎప్పుడో కనుక్కోండి. కోరమంగళలోని సెయింట్ జాన్స్ ఆస్పత్రి, సెయింట్ జాన్ అంబులెన్స్ ఒకటేనని చాలామంది పొరబడుతుంటారు. అవి వేర్వేరు సంస్థలు. ఆస్పత్రుల్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పేరిట జరిగే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు కూడా మంచిదే, రెండేళ్లు చెల్లుతుంది. కానీ అది ప్రధానంగా వైద్య సిబ్బందికి ఉద్దేశించినది. గుండె, ఊపిరికి సంబంధించిన అత్యవసరాలే అందులో ఉంటాయి. ఎముకలు, కీళ్లు, చలి అందులో రావు కనుక ఆ ఒక్కదానితో సరిపెట్టవద్దు.

రెండో మెట్టు ఆస్పత్రికి దూరంగా ఉండే చోట్ల కోసం రూపొందించిన శిక్షణ. దీనిని విల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అంటారు. సాధారణంగా 16 గంటలు, అంటే రెండు రోజులు. దీనికి పెద్దన్న లాంటిది విల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్, 70 నుంచి 80 గంటల కోర్సు. మసూరీ పక్కన లాండౌర్‌లోని హానిఫ్ల్ సెంటర్ వంటి చోట్ల ఇవి జరుగుతుంటాయి. ఈ కోర్సులను చాలామంది చివరికి వాయిదా వేస్తారు. మీ అమ్మాయి విషయంలో నా అభిప్రాయం అందుకు భిన్నం: తర్వాతి స్కీ కోర్సుకు డబ్బు కట్టేముందు కనీసం 16 గంటల కోర్సు పూర్తి చేయనివ్వండి. ఈ వృత్తికి కావలసిన శిక్షణలో మంచు లేని బెంగళూరులో ఉంటూ మొదలుపెట్టగలిగింది ప్రథమ చికిత్స ఒక్కటే. పైగా మనుషుల బాధ్యత మోయడం తనకు సరిపడుతుందో లేదో ఈ తరగతిలో తెలిసినంతగా స్కీ తరగతిలో తెలియదు. స్కీయింగ్ ఇష్టపడేవారు చాలామంది ఉంటారు. జారిపడిన ఎనిమిదేళ్ల పిల్లవాడు ఏడుస్తుంటే గొంతు వణకకుండా మాట్లాడగలిగేవారు వారిలో కొందరే.

ఊళ్లో నేర్చుకునే ప్రథమ చికిత్సకూ, మంచు మీద అవసరమయ్యేదానికీ తేడా ఎక్కడ వస్తుందో కొంచెం వివరంగా చెబుతాను; అమ్మాయి కోర్సు ఎంచుకునేటప్పుడు ఇవి అందులో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. స్కీయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మోకాలు. భుజం జారడం, కర్ర పట్టుకున్న చేయి కింద పడి బొటనవేలి మొదట్లో లిగమెంట్ తెగడం, తలకు దెబ్బ తగలడం ఆ తర్వాతివి. వీటికి కట్టు కట్టడం ఏ తరగతిలోనైనా నేర్పుతారు. నేర్పనిది చుట్టూ ఉన్న పరిస్థితిని చక్కబెట్టడం. శిక్షకురాలి వెనక ఐదారుగురు కొత్తవాళ్లు వాలు మీద నిలబడి ఉంటారు. పైనుంచి మరెవరో వేగంగా వస్తుంటారు. ఆమె మొదట గాయపడిన మనిషికి కొంచెం ఎగువన రెండు స్కీలను ఇంటూ గుర్తులాగా మంచులో గుచ్చి, పైవారికి హెచ్చరిక పెట్టాలి. మిగిలిన విద్యార్థులను వాలుకు ఒక పక్కగా, ఒకరి కింద ఒకరుగా నిలబెట్టాలి. ఆ తర్వాత గాయం చూసి, పెట్రోల్‌కు కబురు పంపాలి: ఎక్కడ, ఎంతమంది, ఏ గాయం, స్పృహ ఉందా. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967 నుంచి అమల్లో ఉంచిన పది ప్రవర్తనా నియమాలలో తొమ్మిదోది, ప్రమాదం జరిగితే సాయపడడం ప్రతి స్కీయర్ విధి అంటుంది. మామూలు స్కీయర్లకే విధి అయినప్పుడు, డబ్బు తీసుకుని నేర్పేవారి సంగతి చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం నా సలహా మీద ఈ రంగంలోకి వెళ్లిన ఒక కుర్రవాడు తన మొదటి సీజన్‌లో జరిగిన సంగతి నాకు చెప్పాడు. మోకాలు మెలిపడిన ఒక పర్యాటకురాలిని అతను బాగానే చూసుకున్నాడు. స్కీ విప్పాడు, బూటు తీయకుండా ఉంచాడు, కాలు కదలకుండా కట్టాడు, పైన రెండు జాకెట్లు కప్పాడు. పెట్రోల్ స్లెడ్జి వచ్చేసరికి ఆమె వణుకు ఆపుకోలేకపోతోంది. పైన కప్పాడు గానీ కింద ఏమీ వేయలేదు. మంచు కిందినుంచి ఒంటి వేడిని లాగేసింది. మన దగ్గర చలికి దుప్పటి కప్పడమే అలవాటు, నేల మీద పరవాలన్న ఆలోచన రాదు. మంచు కోసం రూపొందించిన కోర్సులో మొదటి రోజే నేర్పే సంగతి అది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే హైపోథెర్మియా మొదలైనట్టే. చలి ఇంకా తగ్గకుండానే వణుకు ఆగిపోయిందంటే మనిషి కోలుకున్నట్టు కాదు, పరిస్థితి ముదిరినట్టు. తెలియనివారు దీనిని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

మంచు కాటు విషయంలోనూ మన ఇంటి వైద్యం హాని చేస్తుంది. వేళ్లు పాలిపోయి మొద్దుబారితే మనం వెంటనే రుద్దుతాం, నూనె రాస్తాం, మంట దగ్గర పెడతాం. గడ్డకట్టిన కణజాలం రుద్దితే చిరుగుతుంది; స్పర్శ తెలియని వేలు మంట దగ్గర కాలినా తెలియదు. లోపలికి తీసుకెళ్లాక 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి, అదీ మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేదనుకుంటేనే. ఒళ్లు వేడెక్కడానికి బ్రాందీ ఇవ్వడం కూడా పొరపాటే. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపుతుంది.

ఎత్తు ఇంకో సమస్య. మన దక్షిణాది పర్యాటకులకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. చెన్నై సముద్ర మట్టంలో ఉంది, బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి పొద్దున విమానం ఎక్కినవారు సాయంత్రానికి 2,650 మీటర్ల గుల్‌మర్గ్‌లో ఉంటారు. మర్నాడు గండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) ఎక్కితే అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్లు. తలనొప్పి, వికారం, నీరసం కనిపిస్తే శిక్షకురాలు దానిని ప్రయాణ బడలిక అనుకోకుండా, పైకి తీసుకెళ్లడం ఆపి, లక్షణాలు ముదిరితే కిందికి దించాలి. మందులు ఇవ్వడం ఆమె పని కాదు, డాక్టరు పని. మన భాష తెలిసిన శిక్షకురాలు ఉంటే తెలుగు పర్యాటకులు ఒంట్లో బాగాలేదన్న సంగతి దాచకుండా చెబుతారు. అది మీ అమ్మాయికి ఉన్న చిన్న అనుకూలత కాదు.

మంచు చరియలు విరిగిపడినప్పుడు చేసే రక్షణ వేరే చదువు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వాలుపై జరిగిన ప్రమాదంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పూర్తిగా మంచులో కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి పావుగంటలోనే వేగంగా పడిపోతుంది కనుక, బయటి సాయం కోసం ఎదురు చూసే వీలుండదు. కూరుకుపోయినవారి జాడ తెలిపే సిగ్నల్ పరికరం, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి ప్రోబ్ కర్ర, పార పక్కనున్నవారి దగ్గరే ఉండాలి, వాడడం తెలిసి ఉండాలి. కొత్త శిక్షకులు హద్దులు గుర్తుపెట్టిన వాలుల మీదే నేర్పుతారు. ఆ హద్దు దాటే రోజు వచ్చేలోగా దానికి తగిన కోర్సు చేయాలి, అంతకుముందు దాటకూడదు.

మీ భయం గురించి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా ఆ రక్షణ చేరింది. అది రోడ్డు ప్రమాదాలకు, దారిన పోయేవారికి వర్తించే రక్షణ. శిక్షకురాలు దారిన పోయే మనిషి కాదు; నేర్చుకునేవారి భద్రతను ఆమె స్వీకరించింది. కాబట్టి దెబ్బ తగలడమే తప్పు కాదు గానీ, చేయాల్సింది చేయకపోవడం, చేతకానిది చేయబోవడం తప్పవుతాయి. ఆమెను కాపాడేది మూడు పనులు. శిక్షణలో నేర్పినంతే చేయాలి, జారిన భుజాన్ని తానే లాగి సరిచేయడం వంటివాటి జోలికి పోకూడదు. జరిగిన సమయం, చోటు, గాయపడినవారు చెప్పిన మాటలు, తాను చేసిన సాయం, ఎవరికి అప్పగించిందీ అదే రోజు రాసి పెట్టుకోవాలి. తనను పనిలో పెట్టుకున్న పాఠశాలకు బీమా ఉందా, అది శిక్షకులకూ వర్తిస్తుందా అన్నది చేరేముందే లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఈ మూడోదాన్ని అడగడానికి పిల్లలు మొహమాటపడతారు; మీరు పక్కన కూర్చుని అడిగించండి.

జీవనోపాధి కోణం కూడా చూడాలి. మన దేశంలో స్కీయింగ్ సీజన్ డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా, అదీ మంచు బాగా పడిన ఏడాది. మిగిలిన నెలల్లో ట్రెక్కింగ్ నాయకత్వం, పాఠశాల పిల్లల శిబిరాలు, రాతి కొండలు ఎక్కించే పని చేసుకోవాలి. బెంగళూరు చుట్టుపక్కల రామనగర వంటి చోట్ల అలాంటి పని దొరుకుతుంది. కర్ణాటక ప్రభుత్వపు జనరల్ తిమ్మయ్య సాహస అకాడమీ కార్యక్రమాలను కూడా అమ్మాయిని చూడమనండి. ఈ పనులన్నిటికీ అదే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. స్కీ కోర్సుల ఫీజుతో, ప్రయాణ ఖర్చుతో పోలిస్తే దీనికయ్యేది తక్కువ.

సర్టిఫికెట్ల గడువు సాధారణంగా రెండు మూడేళ్లు. తేదీ సరిగ్గా జనవరిలో తీరితే సీజన్ మధ్యలో కొండ దిగి రావలసి వస్తుంది కనుక, మొదటి కోర్సు ఇప్పుడే చేసినా, పునరుద్ధరణ ఎప్పుడూ అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేలా చూసుకోమనండి. అసలు పత్రం ఇంట్లో ఉంచి, స్కాన్ ప్రతి ఫోనులోనూ, మరో ప్రతి మీ దగ్గరా ఉంటే, మంచులో సిగ్నల్ లేని రోజున ఎవరైనా అడిగినా మీరు పంపించగలరు.