ఒక్కరి నడకకు తేలికపాటి టెంట్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నెల రోజులకు పైగా సాగే కాలినడకకు సిద్ధమవుతున్నాను. ఎత్తు 178 సెంటీమీటర్లు. రెండు ట్రెక్కింగ్ పోల్స్ ఎలాగూ వెంట ఉంటాయి. 600 గ్రాముల సింగిల్ వాల్ (ఒకే పొర గోడల) టెంట్ ఒకటి నచ్చింది. కొనవచ్చా?

జవాబు: ఆ 600 గ్రాముల్లో ఏమేం కలిశాయో ముందు అడగండి. చాలాసార్లు అది టెంట్ గుడ్డ, వల, జిప్పుల బరువు మాత్రమే. 12 గ్రాముల మేకులు ఎనిమిదికి 96, అదనపు తాళ్లకు 20, సంచికి 15, కింద పరిచే పల్చటి షీటుకు 50 కలపండి. వీపు మీదికి చేరేది 781 గ్రాములు. అది ఎక్కువేమీ కాదు గానీ, మరో టెంట్‌తో పోల్చేటప్పుడు దానికీ ఇదే లెక్క వేయాలి. ఇలాంటి టెంట్లు ట్రెక్కింగ్ పోల్ మీదే నిలుస్తాయి, అందుకు సాధారణంగా 115 నుంచి 130 సెంటీమీటర్ల పోల్ కావాలి. మీవి మడత పోల్స్ అయితే అంత ఎత్తుకు నిలుస్తాయో లేదో కొలుచుకోండి.

బరువుకన్నా ముఖ్యమైనది లోపలి పొడవు. ప్రకటనలో ఇచ్చేది నేల కొలత. పడుకున్నప్పుడు మీ ముఖం, పాదాలు ఉండేది నేలకు జానెడు పైన. గాలి పరుపే 7, 8 సెంటీమీటర్లు లేపుతుంది, ఆపైన స్లీపింగ్ బ్యాగ్ మందం. ఆ ఎత్తుకు వచ్చేసరికి వాలు గోడలు రెండు వైపులా లోపలికి జరిగి ఉంటాయి. పాదాల దగ్గర బ్యాగ్ తడి గుడ్డకు రాసుకుంటే లోపలి ఈకలు ఉండలు కట్టి, వెచ్చదనం పోతుంది. మీ ఎత్తుకు నేల పొడవు 220 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వీలైతే పరుపు, బ్యాగ్ తీసుకెళ్లి, టెంట్ కట్టించి, అందులో పడుకుని చూడండి.

ఇక గుడ్డ. సిల్‌నైలాన్ (సిలికాన్ పూత వేసిన నైలాన్) తొందరగా చిరగదు, చిన్నగా మడతపడుతుంది. కానీ నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించి కట్టినది వాన మొదలయ్యాక పొట్టలా జారుతుంది, పడుకునే ముందు మళ్లీ తాళ్లు లాగాలి. సిల్‌పాలీ (సిలికాన్ పూత వేసిన పాలియెస్టర్) దాదాపు సాగదు, చిరుగుకు మాత్రం కాస్త తక్కువ తట్టుకుంటుంది. డైనీమా (గట్టి పాలిథిలీన్ పోగులతో చేసే పల్చటి) గుడ్డ చదరపు మీటరుకు సుమారు 17 నుంచి 26 గ్రాములే, తడిసినా సాగదు. అయితే రాపిడికి ఓర్వదు, మడిస్తే లావవుతుంది, ధర బాగా ఎక్కువ. ఖర్చు చూసుకునేవారికి మా ఓటు సిల్‌పాలీకే.

పొడవు చాలితే సింగిల్ వాల్ కొనవచ్చు. రోజూ వాన, చలి ఉండే దారి అయితే 200 గ్రాములు పెరిగినా డబుల్ వాల్ (లోపలి పొర, బయటి పొర వేరుగా ఉండేది) మేలు.

ప్రశ్న: నా సిల్‌నైలాన్ టెంట్ లోపల తెల్లారేసరికి నీళ్లు ఉంటున్నాయి. కారుతోందా, తేమా?

జవాబు: వాన లేని రాత్రి కూడా వస్తే అది మీ ఊపిరిలోని తేమే. గోడంతా సన్నటి చుక్కలు సమంగా పట్టి ఉంటాయి. కారుడైతే కుట్టు వెంట చుక్కలు వరస కట్టి, కింద ఒకేచోట తడి చేరుతుంది.

తేమకు మందు చోటు ఎంపికే. వాగు ఒడ్డు, పల్లం వద్దు. చల్లగాలి, తేమ అక్కడే నిలుస్తాయి. చెట్ల కింద గుడ్డ అంతగా చల్లబడదు కాబట్టి నీళ్లు తక్కువ పడతాయి (పైన ఎండు కొమ్మలు లేవని చూసుకోండి, ఇది మరిచిపోవద్దు). తలుపు ఒక పక్క చుట్టి కట్టండి. తడి బట్టలు లోపల ఆరేయకండి. తుడిచే గుడ్డ చేతికందేలా పెట్టుకోండి. మధ్యాహ్నం ఆగినప్పుడు టెంట్‌ను ఎండలో పరవండి.

కుట్టు కారుతుంటే సీల్ చేయాల్సిందే. సిలికాన్ పూత మీద కుట్లు మూసే మామూలు సీమ్ టేపు అంటుకోదు కాబట్టి ఇలాంటి టెంట్లు చాలావరకు కుట్లు మూయకుండానే వస్తాయి. పారదర్శక సిలికాన్ సీలెంట్‌లో మినరల్ స్పిరిట్ (పెయింట్ పల్చన చేసే ద్రవం) కొద్దికొద్దిగా పోస్తూ తేనెలా జారేదాకా కలపండి. టెంట్ బిగించి కట్టి, కుట్టుకు అటూ ఇటూ అర సెంటీమీటరు మేర బ్రష్‌తో పల్చగా పూయండి. ఒక రోజంతా ఆరనిచ్చి, టాల్కం పౌడర్ అద్దండి. లేదంటే మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పీయూ (పాలీయూరెథేన్) పూత ఉన్న వైపు సిలికాన్ పట్టదు, దానికి యూరెథేన్ సీలెంట్ కావాలి.

ప్రశ్న: రాతి నేలలో మేకు దిగకపోతే?

జవాబు: తాడు చివరి ఉచ్చులో మేకును అడ్డంగా దూర్చి నేల మీద పడుకోబెట్టండి. దానికి ఆనించి, టెంట్ వైపున తాడు మీద పెద్ద రాయి పెట్టండి. తాడును నేరుగా రాతికి చుడితే అంచుకు రాసుకుని తెగుతుంది. ఇందుకోసం ప్రతి మూలకూ ఒక మీటరు అదనపు తాడు ఉంచుకోండి. ఇసుకలో అయితే చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతండి.