కాళ్ల వాపు ఫొటోలో కనిపిస్తుంది, కారణం కనిపించదు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. అచ్చంపేట దగ్గర పల్లెలో నాన్నతో ఉంటుంది. పదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ. టౌన్‌లో చూసే డాక్టర్ గారు వాట్సాప్ నంబర్ ఇచ్చారు. ఎనిమిది నెలలుగా పక్కింటి అబ్బాయి రిపోర్టులు ఫొటో తీసి నాకు పంపడం, నేను డాక్టర్ గారికి పంపడం, ఆయన మందులు రాసి పెట్టడం, ఇలా నడుస్తోంది. రెండు నెలల క్రితం బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 నుంచి 10కి పెంచారు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి రెండు కాళ్లూ వాస్తున్నాయి. ఫొటో పంపితే నీరు తీసే మాత్ర రాశారు. వారమైంది, తగ్గలేదు. మళ్లీ మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు లేదు. అమ్మకు బస్సులో 30 కిలోమీటర్లు రావడం కష్టం. ఫోన్‌లో ఇలా వైద్యం చేయించడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు కాళ్ల సంగతి చూద్దాం. ఫోన్ సంగతి తర్వాత.

ఆమ్లోడిపిన్ మంచి మందే, చవకైనది, నేనూ రోజూ రాస్తాను. అయితే కాళ్ల వాపు దీనికి బాగా తెలిసిన సైడ్ ఎఫెక్ట్. 5 మిల్లీగ్రాముల్లో కంటే 10లో ఎక్కువ, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఉదయం లేచేసరికి తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. మీరు రాసిన తీరు దీనికి బాగా సరిపోతోంది. ఇక్కడ ఒంట్లో నీరు ఎక్కువై కాళ్లకు దిగడం లేదు. మందు వల్ల సన్నటి రక్తనాళాలు వదులై, వాటిలోంచి నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. అందుకే నీరు తీసే మాత్ర దీనికి పెద్దగా పనిచేయదు. పైగా సోడియం, పొటాషియం తగ్గిపోయే ప్రమాదం ఉంది. మామూలుగా డోసు తగ్గించడమో, వేరే రకం బీపీ మందు జత చేయడమో, పూర్తిగా మార్చడమో చేస్తాం.

అయితే ఇది అదేనని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. మీ డాక్టర్ గారు కూడా ఫొటో చూసి చెప్పలేరు. పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి కాళ్లు వాచాయంటే కిడ్నీ గురించీ గుండె గురించీ అడగాల్సిందే. వాచిన చోట బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి పట్టి వదిలితే గుంట పడుతుందా, ఎంత లోతు పడుతుంది, మోకాలి దాకా ఉందా, మెడ దగ్గర నరం ఉబ్బిందా, ఊపిరితిత్తుల కింది భాగంలో చప్పుడు ఉందా, ఇవన్నీ చెయ్యి పెట్టి, స్టెత్ పెట్టి చూడాల్సినవి. ఎంత ఖరీదైన ఫోన్ కెమెరా అయినా బొటనవేలు చేసే పని చేయలేదు.

ఇంకో మాట. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయా? ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి గోలీలు, సూదులు తీసుకుంటోందా? మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. డాక్టర్ గారు అడిగి ఉండరు, అమ్మ చెప్పి ఉండదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు బీపీని పెంచుతాయి, కాళ్లకు నీరు తెస్తాయి, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పి గోలీ వల్ల పెరిగిన బీపీకి ఆమ్లోడిపిన్ పెంచడం, దానివల్ల వచ్చిన వాపుకి నీటి మాత్ర రాయడం... ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకోవడం నేను చాలాసార్లు చూశాను. మీ అమ్మ విషయంలో ఇదే జరిగిందని అనడం లేదు. అడగండి అంటున్నాను.

ఇక ఫోన్. ఫోన్‌లో వైద్యం తప్పేమీ కాదు. కేంద్రం 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్ నేరుగా చూసిన ఆరు నెలల లోపు అదే జబ్బుకు ఫోన్‌లో మాట్లాడితే అది ఫాలో అప్. ఆరు నెలలు దాటితే కొత్తగా చూస్తున్నట్టే లెక్క. అలా కొత్తగా చూసేటప్పుడు ఉత్త మెసేజ్ మీద రాయదగ్గవి జ్వరం మాత్ర, ఓఆర్ఎస్ లాంటివి మాత్రమే. మీరు ఎనిమిది నెలలు దాటారు. అందుకే నా సలహా ఒక్కటే, ఈ వారంలోనే అమ్మను ఒకసారి నేరుగా చూపించండి. క్రియాటినిన్, పొటాషియం, సోడియం, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ చేయించండి. అప్పటిదాకా బీపీ మాత్రను సొంతంగా ఆపొద్దు. పడుకుంటే ఆయాసం రావడం, ముఖం కూడా ఉబ్బడం, మూత్రం తగ్గడం, ఒక్క కాలే వాచి నొప్పిగా, ఎర్రగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా వారం కాదు, ఆ రోజే వెళ్లాలి.

ఆ తర్వాత మళ్లీ ఫోన్ వాడుకోవచ్చు. కాకపోతే ఇప్పుడు మీరు వాడుతున్న పద్ధతి మారాలి. అమ్మ బాధ పక్కింటి అబ్బాయికి, అతని నుంచి మీకు, మీ నుంచి డాక్టర్‌కు చేరుతోంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన అమ్మ గొంతు ఒక్కసారైనా విన్నారా?

నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం అరవై ఏళ్ల ఒకావిడకు షుగర్ మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పడానికి మా అలవాటు ప్రకారం వాట్సాప్‌లో 1-0-1 అని పెట్టాను. మనవడు ఊళ్లో లేడు, ఆవిడే ఫోన్ చూసుకుంది. మూడు గుర్తులున్నాయి కదా అని మూడు పూటలా వేసుకుంది. మధ్యలోది సున్నా అని ఆవిడకు తెలియదు, గుండ్రంగా ఉంది కాబట్టి అదీ మాత్రే అనుకుంది. నాలుగో రోజు సాయంత్రం చెమటలు పట్టి, మాట తడబడుతుంటే మోసుకొచ్చారు. షుగర్ 52. గ్లూకోజ్ ఎక్కించాక లేచి కూర్చుని, "నువ్వే కదా సారూ మూడు రాసినవ్" అంది. అప్పటి నుంచి చదువు రాని వాళ్లకు నేను అంకెలు పంపడం మానేశాను. వాయిస్ మెసేజ్ పెడతాను, 'పొద్దున టిఫిన్‌కి ముందు తెల్ల గోలి ఒకటి, రాత్రి బువ్వకు ముందు అదే ఇంకొకటి, మధ్యాహ్నం ఏమీ లేదు' అని. 'అర్థమైందా' అని అడగను. అందరూ ఆఁ అంటారు. 'ఎట్లా వేసుకుంటరో ఇప్పుడు నాకు చెప్పండి' అని తిరిగి వాయిస్ పెట్టమంటాను. తప్పు అక్కడే దొరుకుతుంది. మీ డాక్టర్ గారిని కూడా వాయిస్‌లో చెప్పమని అడగండి, ఏమీ అనుకోరు.

నీలం టిక్కుల గురించి. అవి పడితే ఫోన్‌లో మెసేజ్ తెరుచుకుందని మాత్రమే అర్థం. ఓపీలో నలభై మంది మధ్య వేలు తగిలి తెరుచుకుని ఉండొచ్చు, కాంపౌండర్ చూసి ఉండొచ్చు. జవాబు రాకపోతే సరేనన్నారని అనుకోవద్దు, ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యీ కాలూ పడిపోవడం లాంటివి వస్తే అసలు మెసేజే పెట్టొద్దు, 108కి చేయండి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి చేరే టైం కూడా అందులోనే.

రిపోర్టు ఫొటో పంపేటప్పుడు పేరు, తేదీ, పక్కనుండే నార్మల్ రేంజ్ మొత్తం పడేలా, వెలుతురులో నేల మీద పరిచి తీయమనండి. గ్లూకోమీటర్ అంకె ఒక్కటే పంపితే సగం సమాచారమే. 180 పరగడుపునా, తిన్న రెండు గంటలకా అన్నదాన్ని బట్టి నా జవాబు మారిపోతుంది.

30 కిలోమీటర్ల సమస్యకు ఊళ్లోనే కొంత దారి ఉంది. పల్లె దవాఖానా గానీ సబ్‌సెంటర్ గానీ ఉంటే అక్కడి సిబ్బంది బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, కాలు నొక్కి చూడమంటే చూస్తారు. అక్కడి నుంచే ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టర్‌తో వీడియోలో ఉచితంగా మాట్లాడించవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో మొదలుపెట్టిన సేవ ఇది. ఇంటి నుంచి సొంతంగా మాట్లాడే ఏర్పాటు 2020లో వచ్చింది. నేనైతే దవాఖానా నుంచి మాట్లాడించడానికే ఓటేస్తాను. సిగ్నల్ సరిగా లేక వీడియో ఆగిపోవచ్చు, అది వేరే తలనొప్పి. కానీ రోగి పక్కన నర్సు ఉంటే 'అక్కడ నొక్కి చూడమ్మా, గుంట పడిందా' అని అడగొచ్చు. నాకు కావాల్సింది ఆ చెయ్యే. నెలకోసారి అక్కడ చూపించి, మూడు నెలలకోసారి టౌన్‌కు తీసుకెళ్తే అమ్మకు బస్సు బాధ చాలా తగ్గుతుంది. మందులు మార్చినప్పుడు మాత్రం ముందుగానే వెళ్లాల్సి రావొచ్చు.

ఈ వారం వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పోయించి, ఒక్క ఫొటో తీయించి, తర్వాత కవరుతో సహా పట్టుకెళ్లండి. ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లాలు, ఆకుమందులు కూడా. పొద్దున బస్సుకు బయల్దేరితే డాక్టర్ దగ్గరికి చేరేసరికి వాపు సగం దిగి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఆరింటికి కాళ్ల ఫొటో ఒకటి తీయించి ఫోన్‌లో ఉంచండి, ఎదురుగా కూర్చున్నప్పుడు చూపించండి.