పాత పికప్‌ను రాళ్ల దారికి సిద్ధం చేయడం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా దగ్గర ఇరవై ఏళ్లు దాటిన పికప్ ఒకటి ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనుక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్నాయి. సెలవు రోజుల్లో ఇంటి దగ్గర నేనే పనిచేసుకుని దీన్ని రాళ్ల దారులకు, బురద దారులకు పనికివచ్చేలా చేయాలనుకుంటున్నాను. ముందు ఎత్తు పెంచాలా, టైర్లు మార్చాలా, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి కట్టే డిఫరెన్షియల్ లాకర్ వేయించాలా?

జవాబు: ఈ మూడింటిలో దేనితోనూ మొదలుపెట్టవద్దు. దారిలేని చోట పాత బండి ఆగిపోయిందంటే దానికి కారణం ఎత్తు చాలకపోవడం కన్నా, అరిగిన బాల్ జాయింటో, పగిలిన రబ్బరు గొట్టమో, తుప్పు తిన్న బ్రేక్ పైపో అయ్యే అవకాశమే ఎక్కువ. కాబట్టి మొదటి నెలలు బండిని తయారైనప్పటి స్థితికి తీసుకురావడానికే కేటాయించండి. కొత్త భాగాలు బిగించిన తర్వాత పాత లోపాన్ని వెతకడం రెట్టింపు పని.

తనిఖీ ఛాసిస్ దగ్గర మొదలవ్వాలి. వెనుక కమాను కట్టలను పట్టి ఉంచే బ్రాకెట్ల చుట్టూ, క్యాబిన్ వెనుక బురద పేరుకునే మూలల్లో, నీరు కారిపోవలసిన రంధ్రాలు పూడుకుపోయిన చోట్ల చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమని మోగితే ఇనుము గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా పలికినా, పొరలు రాలినా లోపల తుప్పు తినేసినట్టు. అలా తిన్న ఛాసిస్‌కు అతుకులు వేసి దాని మీద బరువైన పరికరాలు పెట్టడం కన్నా, వేరే బండి చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పై అంచును, కింది అంచును రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కదలిక తెలిస్తే బేరింగు గాని బాల్ జాయింటు గాని అరిగినట్టు. కుడి ఎడమ అంచులు పట్టుకుని ఊపినప్పుడు కదిలితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ చివరలను అనుమానించాలి. ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియళ్ల నుంచి, ముందు వెనుక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి కొంచెం ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరింది. వేడెక్కిన యాక్సిల్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైన గాలి తీసుకునే బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆ లోటు తీరడానికి సీళ్ల సందుల్లోంచి నీరు లోపలికి వస్తుంది. బ్రీదర్‌కు పొడవైన గొట్టం తగిలించి, దాని చివరను బానెట్ కింద ఎత్తైన చోట కట్టేస్తే చాలు. ఒక పూటలో అయిపోయే ఈ పని పాత బండికి చేసే మార్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

ఇవన్నీ పూర్తయ్యాక టైర్లు, ఆ తర్వాత ఇరుక్కున్నప్పుడు బండిని లాగడానికి తగిన కొక్కేలు, ఆ పిమ్మటే ఎత్తు సంగతి. లాకర్ చివరిది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే టార్క్ పంచుతుంది; ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరుగుతుంటే దానికి అందేది బహు స్వల్పం కాబట్టి, నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. లాకర్ రెండింటినీ కలిపి కట్టి ఈ చిక్కు తీరుస్తుంది, కాని యాక్సిల్ షాఫ్టుల మీద భారం పెంచుతుంది, మలుపులో స్టీరింగును మొరాయింపజేస్తుంది. మంచి టైర్లు, సరైన గాలి ఒత్తిడి, నెమ్మదిగా కాని బలంగా లాగే లో రేంజ్ గేరు, ఓపిక ఉన్న డ్రైవరుకు చాలా దారుల్లో దాని అవసరమే పడదు.

ప్రశ్న: ఎత్తు పెంచడానికి ముందు టార్షన్ బార్ల బోల్టులు బిగించి, వెనుక ఇనుప దిమ్మెలు పెడితే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పాడు. ఖర్చు తక్కువ కాబట్టి అలాగే చేయాలనుకుంటున్నాను. ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా?

జవాబు: మీ మిత్రుడు చెప్పిన పద్ధతిలో బండి లేస్తుంది, అందులో సందేహం లేదు. ఏ మూల్యానికి లేస్తుందన్నదే చూడవలసినది.

టార్షన్ బార్ సర్దుబాటు బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిదనం మారదు. బండి నిలిచే ఎత్తు మాత్రమే మారుతుంది. చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న జాగాను మీరు ముందుగానే వాడేసుకుంటారు. ఎక్కువ బిగించిన బండిలో చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ ఎప్పుడూ దాని ఆపుడు రబ్బరుకు ఆనుకునే ఉంటుంది. చిన్న గుంతకే ముందు భాగం దభీమని కొడుతుంది, అడ్డదిడ్డమైన నేల మీద చక్రం తొందరగా గాలిలోకి లేస్తుంది. అంటే రాళ్ల దారి కోసం చేసిన మార్పు రాళ్ల దారిలోనే అక్కరకు రాకుండా పోతుంది. పైగా ముందు చక్రాలను తిప్పే షాఫ్టుల కీళ్లు (సీవీ జాయింట్లు) ఏటవాలు కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర అంగుళం దగ్గర ఆగండి. మొదలుపెట్టే ముందు చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి రాసుకోండి. ముందు భాగాన్ని లేపి బారు మీది భారం తగ్గించాకే బోల్టు తిప్పండి. బిగుసుకుని ఉన్న బారులో చేయి విరగ్గొట్టగలిగినంత శక్తి దాగి ఉంటుంది.

వెనుక దిమ్మెల సంగతి వేరు. గేరు వేసి గట్టిగా లాగినప్పుడు యాక్సిల్ వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది. కమాను పట్టీలు ఆ మెలిపెట్టుకు వంకర తిరిగి అడ్డుపడతాయి. యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య దిమ్మె పెడితే ఆ మెలికకు పట్టు పొడవు పెరుగుతుంది. చక్రాలు ఎగిరెగిరి పడతాయి, ఇరుసుకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు దెబ్బతింటాయి. దిమ్మె మీద దిమ్మె ఎన్నడూ పేర్చకూడదు. ముందు కూడా కమాను కట్టలే ఉన్న బండ్లలో ముందు యాక్సిల్ కింద దిమ్మె అసలే పెట్టకూడదు, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు, స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే తాకిడి అంతా అక్కడే పడుతుంది. కట్టలు ఎలాగూ ఇరవై ఏళ్ల బరువుకు కుంగి ఉంటాయి. రెండు అంగుళాల ఎత్తు ఇచ్చే కొత్త కట్టలు వేయించుకుంటే పాత కుంగుబాటు కూడా తీరుతుంది. కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిళ్లను పొడవైనవి వేసి లేపాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: షాకిల్ కట్టకు ఒక చివరే ఉంటుంది కాబట్టి, అది రెండు అంగుళాలు పొడవైతే బండి లేచేది ఒక అంగుళమే, పైగా డిఫరెన్షియల్ ముక్కు కోణం మారుతుంది.

ఇక ఇంటి దగ్గర పనిచేసేవారు చాలామంది గమనించని భాగం ఒకటి ఉంది. అనేక పికప్‌లలో ఛాసిస్ మీద ఒక బ్రేక్ వాల్వు, దాని నుంచి వెనుక యాక్సిల్ వరకు ఒక కడ్డీ ఉంటాయి. ట్రక్కు నిండుగా ఉంటే ఛాసిస్ కిందికి కుంగుతుంది, కడ్డీ కదిలి వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. ఖాళీగా ఉంటే వెనుక చక్రాలు జారకుండా తగ్గిస్తుంది. మీరు బండిని లేపినప్పుడు యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య దూరం పెరుగుతుంది కనుక, నిండు బరువు వేసినా వాల్వు దాన్ని ఖాళీ బండిగానే లెక్కిస్తుంది. అప్పుడు ఆపే భారమంతా ముందు బ్రేకుల మీదే పడి, బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎంత ఎత్తు పెంచారో అంత మేర యాక్సిల్ మీది ఆ కడ్డీ బ్రాకెట్‌ను కూడా పైకి జరపాలి, లేదా ఆ మోడల్ వర్క్‌షాప్ పుస్తకంలో చెప్పిన కొలతకు సర్దాలి. తర్వాత జనం లేని చదునైన చోట తక్కువ వేగంలో బ్రేకు తొక్కి చూడండి. వెనుక చక్రాలు ముందుగా పట్టేస్తుంటే ఆ బండిని రోడ్డెక్కించవద్దు.

యాక్సిల్‌ను పూర్తిగా వేలాడదీసి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఏ బ్రేక్ గొట్టమూ, హ్యాండ్‌బ్రేక్ తీగా, బ్రీదర్ గొట్టమూ బిగుసుకోవడం లేదని చూసుకోండి. యాక్సిల్‌ను కట్టకు బిగించే యు బోల్టులు ఒకసారి విప్పితే సాగిపోయి ఉంటాయి కాబట్టి వాటినే తిరిగి వాడక, కొత్తవి తెచ్చి, బరువు చక్రాల మీద నిలిచాక టార్క్ రెంచితో అడ్డంగా ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ సరిచూడండి. చివరిగా చక్రాల అలైన్‌మెంటు చేయించండి. ఈ పనులన్నింటిలో బండి ఎప్పుడూ గట్టి నేల మీద పెట్టిన స్టాండ్ల మీదే ఉండాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే. దాని ఆధారంతో బండి కింద దూరే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న: నా పికప్‌కు 28 అంగుళాల టైర్లు ఉన్నాయి. 31 అంగుళాలవి వేస్తే బండి పూర్తిగా మూడు అంగుళాలు లేస్తుందా? ఇంజను మీద ప్రభావం ఎంత?

జవాబు: మూడు కాదు, ఒకటిన్నర. వ్యాసం పెరిగినదానిలో సగమే ఇరుసు కిందికి వస్తుంది. కాని ఆ ఒకటిన్నర చాలా విలువైనది, ఎందుకంటే మొద్దు యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో స్ప్రింగులను ఎంత లేపినా డిఫరెన్షియల్ గుండు నేలకు ఉన్న దూరం ఒక్క మిల్లీమీటరు పెరగదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. ఎత్తు గురించి రాసే పాఠకుల్లో ఎక్కువమంది మరచిపోయే విషయం ఇదే.

మూల్యం గేర్లలో కనిపిస్తుంది. 31ని 28తో భాగిస్తే 1.107, అంటే ప్రతి గేరూ దాదాపు 11 శాతం పొడవవుతుంది. స్పీడోమీటరు 90 చూపుతున్నప్పుడు మీరు నిజానికి దాదాపు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటారు. లో రేంజ్‌లో పాకే శక్తి కూడా తగ్గుతుంది: మొదటి గేరు 4.0, ట్రాన్స్‌ఫర్ లో 2.5, యాక్సిల్ 4.10 అనుకుంటే వాటి లబ్ధం 41. పెద్ద టైర్లతో అది 37కు సమానమవుతుంది. 4.10 బదులు 4.56 నిష్పత్తి ఉన్న క్రౌన్, పినియన్ (డిఫరెన్షియల్ లోపలి పెద్ద, చిన్న గేర్లు) వేస్తే పోయిందంతా తిరిగి వస్తుంది. అయితే ముందు, వెనుక రెండు యాక్సిళ్లకూ ఒకే నిష్పత్తి వేయాలి. పినియన్ లోతు, పళ్ల మధ్య సందు డయల్ గేజీతో కొలిచి కూర్చే ఈ పని చేయి తిరిగినవారికి వదిలేయడం మేలు.

కొత్త టైర్లు కొనే ముందు ఒకే ఒక చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, మడ్‌గార్డుకూ ఛాసిస్‌కూ ఎంత జాగా ఉందో కొలవండి. టైరు పక్కన అచ్చయిన తయారీ తేదీ అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. స్టెప్నీ కూడా అదే కొలతది ఉండాలి. రోడ్డు మీద 35 పీఎస్ఐ వాడే బండిలో గరుకు దారిలో 25 దాకా, మెత్తని ఇసుకలో 15 నుంచి 18 దాకా గాలి తగ్గిస్తే టైరు నేలను పట్టుకునే వైశాల్యం పెరుగుతుంది. అంతకన్నా తగ్గిస్తే టైరు అంచు రిమ్ము నుంచి జారవచ్చు. గాలి తగ్గించినంతసేపూ నెమ్మదిగా నడపాలి. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి కాబట్టి చిన్న కంప్రెసరు వెంట ఉంచుకోండి.

ప్రశ్న: స్నార్కెల్ బిగించాను. ఇప్పుడు బానెట్ వరకు నీటిలో దిగవచ్చా?

జవాబు: దిగవద్దు. స్నార్కెల్ ఇంజను పీల్చే గాలిని పైనుంచి తెస్తుంది, అంతే. ఆల్టర్నేటరు, స్టార్టరు, కంప్యూటరు పెట్టె, క్లచ్ హౌసింగు ఎప్పటిలాగే నీటిలో మునుగుతాయి. గొట్టం అతుకుల్లో ఒక చిన్న సందున్నా, ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగున నీరు కారే రంధ్రం తెరిచి ఉన్నా, ఇంజను ఆ దారిన నీటిని పీల్చేస్తుంది. నీరు గాలిలా అణగదు. పిస్టన్ దాన్ని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఇంజను ఆగిపోతే తిరిగి స్టార్టు చేయకుండా బండిని బయటికి లాగించండి. దుమ్ము దారుల్లో ముందు బండి వెనకాలే వెళ్లేవారికి మాత్రం స్నార్కెల్ రోజూ ఉపయోగపడుతుంది. ఫిల్టరు చాలా కాలం శుభ్రంగా ఉంటుంది.

ప్రశ్న: ఇరుక్కున్నప్పుడు లాగడానికి వెనుక ఉన్న ట్రెయిలర్ బంతికి తాడు తగిలించవచ్చా? లేదంటే ఛాసిస్‌కు కొక్కెం వెల్డింగు చేసుకోవచ్చా?

జవాబు: బంతికి తగిలించనే కూడదు. ట్రెయిలరు లాగే నిలకడైన భారానికి చేసిన ఆ బంతి, సాగే తాడు ఇచ్చే అదుటుకు మెడ దగ్గర విరిగి తూటాలా దూసుకుపోతుంది. ప్రాణాలు తీసిన ప్రమాదాలు ఇలాగే జరిగాయి. బండిని లారీలో కట్టడానికి కంపెనీ ఇచ్చిన పల్చని రింగులు కూడా దీనికి పనికిరావు. ఛాసిస్ నిలువు పలకకు, దాని పై అంచునూ కింది అంచునూ తాకకుండా, మధ్య భాగంలో రంధ్రాలు వేసి, మందమైన పలక వెనుక నుంచి దన్నుగా పెట్టి, 10.9 గ్రేడు బోల్టులతో బిగించిన కొక్కెం నమ్మదగినది. వంపు భారమంతా మోసేవి ఆ రెండు అంచులే కాబట్టి వాటిని తొలిస్తే ఛాసిస్ అక్కడే పగులుతుంది. వెల్డింగు నేర్చుకుంటున్నవారు చేయి అలవాటు చేసుకోవలసింది ఈ కొక్కెం మీద కాదు. అనుభవమున్నవారు చేసినా ముందుగా బ్యాటరీ తీగలు తీసి, దగ్గరలోని ఇంధన, బ్రేక్ పైపులు తప్పించాలి.

ప్రశ్న: డబ్బు చాలక వెనుక రెండు టైర్లు మాత్రమే పెద్దవి వేశాను. నాలుగు చక్రాల గేరు వేస్తే స్టీరింగు బిగుసుకుంటోంది, ఆ గేరు తిరిగి బయటికి రావడం లేదు. గేర్‌బాక్స్ పాడైందా?

జవాబు: ఇంకా పాడై ఉండకపోవచ్చు, ఇలాగే నడిపితే అవుతుంది. ఇటువంటి పాత పికప్‌లలో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఆ గేరు వేయగానే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. టైర్లు సమానమైనా గట్టి రోడ్డు మీద మలుపు తిరిగితే బిగువు పుడుతుంది, అందుకే ఆ గేరు జారే నేల మీదే వాడాలి. మీ బండిలో టైర్ల చుట్టుకొలతే వేరు కాబట్టి తిన్నగా వెళ్తున్నా ప్రతి మీటరుకూ బిగువు పెరుగుతూ పోతుంది. స్టీరింగు తిన్నగా ఉంచి కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే బిగువు సడలి లివర్ బయటికి వస్తుంది. రాకపోతే ఒక చక్రాన్ని జాకీతో నేల నుంచి కొంచెం లేపండి. ముందు టైర్లు కూడా అదే కొలతకు మార్చేవరకు లేదా వెనక్కి పాతవి వేసేవరకు ఆ లివర్ జోలికి పోకండి.