పదకొండో పేజీలో ఒక్క వాక్యం

తెనాలి.

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ ‘యాటిట్యూడ్’ జట్టుకి మేలా కీడా అంటూ నువ్వు రాసిన వ్యాసం అందింది. మీ నాన్నగారు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ కూడా చేయించి ఇచ్చి వెళ్ళారు. రెండుసార్లు చదివాను. మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, పదకొండో పేజీ దగ్గర ముల్లు విరిగింది. ఇంత తొందరగా జవాబు రాయడం అందుకే. నువ్వు అడిగిన మూడు ప్రశ్నల సంగతి తర్వాత చూద్దాం.

బాగున్నది ముందు చెప్పేస్తాను. డ్రేమండ్ గ్రీన్ డిఫెన్స్‌లో ఒకణ్ణి భుజం పట్టి జరిపి, ఇంకొకడికి వేలు చూపించి, మూడోవాడి మీద అరిచి, అవతలివాళ్ళు పాస్ వేయకముందే అందరినీ ఎవరి చోట్లో వాళ్ళని నిలబెడతాడే, ఆ పేరా. పెళ్ళి భోజనాల్లో బంతి సర్దే పెద్దమనిషిలా ఉన్నాడన్నావు. బంతి అన్న మాట అక్కడ రెండు వైపులా పలికింది. కావాలని రాశావో, అలా పడిందో అడగను. పడి ఉంటే ఇంకా మంచిది.

ఇక పదకొండో పేజీ. ‘2022 అక్టోబరులో ప్రాక్టీసులో సహచరుడు జోర్డన్ పూల్‌తో చిన్న గొడవ జరిగినా జట్టు దాన్ని అధిగమించింది.’ అంతే. పద్నాలుగు పేజీల్లో డ్రేమండ్ చేతి గుద్దు తిన్న మనిషికి దక్కింది ఇదొక్క వాక్యం. అధిగమించిందని నీకెవరు చెప్పారు? ఆ సీజన్లో వారియర్స్ రెండో రౌండులో లేకర్స్ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. ఆ వేసవిలోనే పూల్‌ని వాషింగ్టన్ జట్టుకి పంపేశారు. దెబ్బ తిన్నవాణ్ణి ఊరు దాటించడాన్ని అధిగమించడం అంటారా?

‘యాటిట్యూడ్’ అన్న మాట నీ వ్యాసంలో 31 సార్లు వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోతే పనేం లేక లెక్కపెట్టాను. ఇది సినిమాలు మనకి తగిలించిన జబ్బు. హీరో కాలరెగరేస్తే యాటిట్యూడ్, పెద్దవాళ్ళకి ఎదురు చెప్తే యాటిట్యూడ్, ఏమీ మాట్లాడకుండా నడిచి వెళ్ళిపోతే అదీ యాటిట్యూడే. మనకి మాటలు లేకనా? పొగరు వేరు, తలబిరుసు వేరు, నోటిదురుసు వేరు, పంతం వేరు, పౌరుషం వేరు, ఒళ్ళు తెలియని కోపం వేరు. మా అమ్మమ్మ ఈ ఆరింటినీ ఏనాడూ కలగాపులగం చెయ్యలేదు. తాతయ్యని ఒక్కోరోజు ఒక్కో మాట అనేది, ఆ రోజు ఆయన చేసిన నిర్వాకాన్ని బట్టి.

డ్రేమండ్‌ని కూడా అలా విడదీసి చూడు. డిఫెన్స్‌లో ఆ అరుపులు నోటిదురుసు, అది జట్టుకి అన్నం పెట్టింది. సగటున మ్యాచ్‌కి పది పాయింట్లు కూడా వేయని మనిషి, నాలుగు టైటిళ్ళ జట్టులో కదపలేని స్తంభం అయ్యాడంటే దానివల్లే. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తుతో, బాస్కెట్ దగ్గర ఆడే ఏడడుగుల సెంటర్లకి అడ్డం నిలబడటం పౌరుషం. జట్లు కొత్త ఆటగాళ్ళని ఏరుకునే డ్రాఫ్టులో, 2012లో, 34 మందిని పిలిచాక గానీ తన పేరు పిలవలేదన్న సంగతి ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకోవడం పంతం. రిఫరీతో వాదించి టెక్నికల్ ఫౌల్ తెచ్చుకోవడం తలబిరుసు. 2023 డిసెంబరులో అవతలి జట్టు ఆటగాడు నుర్కిచ్ మొహం మీదికి చెయ్యి విసిరి 12 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడే, దానికి నా దగ్గర మంచి పేరేమీ లేదు. నువ్వు ఇన్నింటినీ ఒకే సంచిలో పోసి మూతి కట్టేశావు. ఆ సంచి జట్టుకి మంచిదా చెడ్డదా అని ఇప్పుడు తూకం వేస్తున్నావు.

ఆరో పేజీలో ఇంకోటి. ‘దురదృష్టవశాత్తు 2016 ఫైనల్స్ చేజారాయి’ అన్నావు. అదృష్టానికి అక్కడేం పని? సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో, మోటుగా కొట్టినందుకు పడే ఫ్లేగ్రెంట్ ఫౌల్ పాయింట్లు నాలుగైతే ఒక మ్యాచ్ ఆడనివ్వరు. ఇతను మూడు మోసుకుంటూ ఫైనల్స్‌కి వచ్చాడు. ఒకటి హ్యూస్టన్ సిరీస్‌లోది, రెండు ఓక్లహోమాలో స్టీవెన్ ఆడమ్స్‌ని తన్నినందుకు వచ్చినవి. ఇంకొక్కటి పడితే ఏమవుతుందో జట్టులో నీళ్ళిచ్చే కుర్రాడికి కూడా తెలుసు. ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్ళదే టైటిల్. నాలుగో మ్యాచ్, క్లీవ్‌లాండ్ జట్టుతో. ఆట మూడు నిమిషాలు కూడా మిగల్లేదు, వారియర్స్ ముందున్నారు. కింద పడ్డ డ్రేమండ్‌ని వాళ్ళ లెబ్రాన్ జేమ్స్ దాటుకుంటూ పోయాడు. చిన్నప్పుడు మనల్ని ఎవరైనా దాటితే పెరగమని మన అమ్మలు మళ్ళీ వెనక్కి దాటించేవాళ్ళు కదా, అక్కడ అంత తీరిక లేదు. ఇతను చెయ్యి విసిరాడు. వారియర్స్ 108-97తో గెలిచారు, సిరీస్ 3-1 అయింది, రెండు రోజులకి నాలుగో పాయింటు పడింది.

అయిదో మ్యాచ్ జరుగుతుంటే అతన్ని స్టేడియంలోకే రానివ్వలేదు. ఓక్లాండ్‌లో ఆ పక్కనే ఉన్న బేస్‌బాల్ మైదానంలో కూర్చుని టీవీలో చూశాడు. క్లీవ్‌లాండ్‌కి లెబ్రాన్ 41 పాయింట్లు, ఇర్వింగ్ 41. ఆ మ్యాచ్ పోయింది. అదే మ్యాచ్‌లో వారియర్స్ సెంటర్ బోగట్ మోకాలు కూడా దెబ్బతింది కాబట్టి పాపమంతా ఒక్కడి నెత్తిన రుద్దను. కానీ ఏడో మ్యాచ్ చూడు. ఇక్కడ మాకు పొద్దున్న అయిదున్నరకి మొదలైంది. చేతిలో కాఫీ ఎప్పుడు చల్లారిందో తెలీలేదు. డ్రేమండ్ 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు. ఆ రోజు వారియర్స్‌లో అతన్ని మించినవాడు లేడు. 93-89తో ఓడారు. ఆ సీజన్లో ప్లేఆఫ్స్‌కి ముందు 73 గెలిచి 9 ఓడిన జట్టు అది.

ఆ ఏడో మ్యాచ్ నీ వ్యాసంలో లేనే లేదు! నీ వాదనకి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు, అయినా వదిలేశావు. ఎందుకంటే ఓడిన మ్యాచ్. నువ్వు గెలిచినవే ఏరుకున్నావు.

తప్పు పూర్తిగా నీది కాదులే. మీ తరాన్ని వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు పాడుచేశాయి. నేను స్పోర్ట్స్ డెస్క్‌లో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. ఒకప్పుడు మ్యాచ్ రిపోర్టులో ఓడినవాడికీ ఒక పేరా ఉండేది. తర్వాత ఒక ఎడిటర్ వచ్చాడు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు కాబట్టి మెల్లిగా చెప్తున్నాను. ప్రతి కాపీ మీదా ఎర్ర సిరాతో ‘ఇందులో పాఠకుడికి ఏంటి?’ అని గీసేవాడు. విజేత నుంచి నేర్చుకోదగ్గ అయిదు విషయాలు అంటూ ఒక బాక్స్ ఐటెం కట్టమనేవాడు. కట్టాం. చోటు కావాలిగా, ఓడినవాడి పేరా ఎగిరిపోయింది. నీ చివరి పేజీలో నాకు ఆ బాక్సు వాసన కొట్టింది. రీబౌండ్‌కి తెలుగు మాట పెట్టాలా అని అడిగావు, వద్దు. మా డెస్క్‌లో ఒకాయన పెట్టాడు. అదేమిటో చెప్తే నువ్వు రాయడమే మానేస్తావు.

నేనేదో పుట్టుకతోనే తెలిసినవాణ్ణనుకోకు. ఇదే తప్పు నేనూ నీ వయసులో చేశాను.

డెస్కులో చేరకముందు ఒక పౌరాణిక నాటక సమాజంలో ప్రాంప్టర్ని. మా కృష్ణుడి గొంతు లాంటిది నేను మళ్ళీ వినలేదు. రాయబారం సీనులో పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో బీడీలు వేళ్ళ మధ్యే ఆరిపోయేవి. రాగం ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు. జనం వన్స్‌మోర్ అంటారు, మళ్ళీ అందుకుంటాడు. ఇంకో వన్స్‌మోర్, ఇంకోసారి. అవతల దుర్యోధనుడు గద భుజాన వేసుకుని అలాగే నిలబడాలి. తెల్లారిపోతోందని కర్ణుడి పద్యాలు కోసేసేవాళ్ళం, ఆ కుర్రాడు రాత్రి తొమ్మిదికి రంగేసుకుని కూర్చునేవాడు పాపం. రిహార్సల్‌కి రావడం అన్నది కృష్ణుడి చరిత్రలో లేదు. ఒకసారి మేకప్ వాడి మీదికి అద్దం విసిరాడు. అయినా శివరాత్రికి ఊళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అడ్వాన్సు ఇచ్చేది ఆయన పేరు చూసే.

ఆయన మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. ‘చివర్లో ఇతనికి గుణపాఠం జరగాలి’ అని తిప్పి పంపారు. జరిపించాను. కథలో ఆయన గొంతు పోయింది, అందరి కాళ్ళూ పట్టుకున్నాడు. అచ్చయింది, 60 రూపాయలు మనియార్డరు వచ్చింది. అసలాయన గొంతు చచ్చేదాకా కంచులా మోగుతూనే ఉంది, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు.

మా హార్మోనిస్టు ఆ కథ చదివాడు. పత్రిక మడిచి నా చేతికిచ్చి, “నేనెక్కడున్నానయ్యా ఇందులో?” అన్నాడు. పంచె మోకాలి దాకా లాగి కుడికాలు ముందుకి చాపాడు. కాలితో తొక్కే హార్మోనియం అది. ఆ రాగం ఎంతసేపు సాగితే అంతసేపూ తొక్కుతూనే ఉండాలి. పట్టుకుని చూడమన్నాడు. పిక్క రాయిలా బిగిసి ఉంది, నా వేళ్ళు దిగలేదు. “ఆయన రాని రోజు నాకు కాలు నొప్పి లేదు. ఆ రోజు నాటకమూ లేదు, నాకు పాతిక రూపాయలూ లేవు. రాస్తే ఇది రాయి” అన్నాడు. నేను రాయలేదు. ఎలా రాయాలో అప్పటికి తెలీదు. తెలిసేసరికి ఆయన లేడు.

అప్పట్నించి నాది ఒకటే పాట. మా ఇంట్లోవాళ్ళు విని విని విసుక్కుంటారు. గొప్పవాడి మీద రాయాలంటే వాడి పక్కవాడి మొహం చూడాలి. జట్టుకి మేలా కీడా అన్నది డ్రేమండ్‌ని అడిగితే తేలదు, స్కోరుబోర్డుని అడిగితే అసలే తేలదు. అది పక్కవాడి పిక్కలో ఉంటుంది. కెవిన్ డ్యురాంట్ సంగతే తీసుకో. ఏడో మ్యాచ్ ఓడిన రాత్రి పార్కింగ్ స్థలం నుంచే అతనికి ఫోన్ చేసి మా జట్టుకి రమ్మన్నది డ్రేమండే, తర్వాత తనే చెప్పుకున్నాడు. అతను వచ్చాడు, రెండు టైటిళ్ళు వచ్చాయి. 2018 నవంబరులో బంతి ఇవ్వలేదన్న తగాదాలో అదే డ్యురాంట్ మీద నోరు పారేసుకుని సొంత జట్టుతోనే సస్పెన్షన్ వేయించుకున్నదీ డ్రేమండే. మరుసటి వేసవిలో డ్యురాంట్ వెళ్ళిపోయాడు. దానికి కారణాలు చాలా ఉంటాయి, కానీ పిలిచిన నోరూ తిట్టిన నోరూ ఒక్కటే అన్నది నీకు కనపడాలి కదా.

పూల్ దగ్గరికి రా. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. 2019 డ్రాఫ్టులో 28వ పేరు. మధ్యలో కింది లీగుకి పంపితే వెళ్ళి ఆడొచ్చాడు. 2022 ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో, మూడో క్వార్టర్ ముగుస్తుండగా దాదాపు సగం కోర్టు నుంచి వేసి బాస్కెట్‌లో పడేశాడు. నాలుగు నెలలకి ఆ గుద్దు. వీడియో నేనూ చూశాను, మా మనవడు ఫోన్లో పెట్టాడు. శబ్దం లేదు. డ్రేమండ్ నడిచి వస్తాడు, ఛాతీకి ఛాతీ తగిలేంత దగ్గరికి. పూల్ రెండు చేతులతో నెడతాడు. గుద్దు. పూల్ గోడవైపు పడతాడు, జనం పరుగెత్తుకొస్తారు. నువ్వు దాన్ని పదిసార్లు చూసి ఉంటావు, పదిసార్లూ డ్రేమండ్‌నే చూసి ఉంటావు. ఈసారి మిగతావాళ్ళని చూడు.

యాజమాన్యం జరిమానా వేసింది, సస్పెండ్ చెయ్యలేదు. ఛాంపియన్ల ఉంగరాలిచ్చిన రాత్రి ఇద్దరూ ఒకే కోర్టు మీద ఉన్నారు. తను కోచ్‌గా వచ్చాక జట్టుకి ఇంత పెద్ద సంక్షోభం రాలేదన్నాడు స్టీవ్ కెర్. ఆయన సంక్షోభం అన్నదాన్ని నువ్వు చిన్న గొడవ అన్నావు! ఆ ఉంగరాల రాత్రి మీద ఒక పేజీ రాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఎవరివైపు చూశారో వీడియోలో కనపడినంత వరకు రాయి. పూల్ మనసులో ఏముందో మాత్రం రాయకు. నీకు తెలీదు, నాకూ తెలీదు.

ఒక మాట అడగనా? వ్యాసంతో పాటు నువ్వు మీ నాన్నగారికి పెట్టిన మెయిల్ కూడా ఆయన ప్రింటు తీసేశారు, చూసుకోకుండా. అందులో నాలుగు లైన్లున్నాయి. మీ ఆఫీసులో ఒకడున్నాడని, వాడు కోడ్ రివ్యూ చేస్తున్నాడంటే టీం మొత్తానికి టెన్షన్ అని, కానీ వాడు లేకపోతే రిలీజు ఆగిపోతుందని. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి అరగంట రాలేదని. ఆ నాలుగు లైన్లు నీ పద్నాలుగు పేజీలకంటే బాగున్నాయి. అవి వ్యాసంలో ఎందుకు లేవు? ఆ ఒకడు నువ్వేనా?

జవాబు నాకు చెప్పనక్కర్లేదు. మార్చి రాశాక ఫోన్లో పంపకు, నాకు రెండు లైన్ల కంటే కనపడవు. మీ నాన్నగారికే మెయిల్ చెయ్యి, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించమను. బైండింగ్ వద్దను. ఆ తీగ నా చొక్కా జేబుకి పట్టుకుని వదలట్లేదు.

ఇట్లు,
మాస్టారు