పాఠకుల ప్రశ్నలు: ‘పిక్ అప్’కు ఇన్ని అర్థాలేంది?

ప్రశ్న: సార్, నేను హన్మకొండల డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న, పక్కన పోటీ పరీక్షలకు కూడ ప్రిపేర్ అవుతున్న. ఇంగ్లిష్ పేపర్ల ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ ఎనుక అప్, ఆఫ్ అసోంటి చిన్న మాట తగిలేటివి) కాడనే మార్కులు పోతున్నయి. ‘పిక్ అప్’ అని డిక్షనరీల తీస్తే అర్థాలు ఒడుస్తనే లెవ్వు, ఎత్తుడు అంటరు, నేర్చుకునుడు అంటరు, రోగం అంటుకునుడు అంటరు, రేటు పెరుగుడు అంటరు. వీటికి సినానిమ్స్ మళ్ల వేరే. ఇవన్ని బట్టీ పట్టాల్నా?
– ఒక చదువరి, హన్మకొండ

జవాబు: బట్టీ మాత్రం పట్టకు చెల్లె. నువ్వు రాసిన ‘బట్టీ పట్టుడు’నే తీసుకో. జలుబు పట్టింది అంటం, రాత్రి నిద్ర పట్టలేదు అంటం, గొళ్లేనికి తుప్పు పట్టింది, హైదరాబాద్ పోవుడుకు మూడు గంటలు పట్టింది, చెరువుల చేపలు పట్టిండ్రు, ఊకె నన్నే తప్పు పడ్తవు. అన్నిట్ల ఉన్నది ఒకటే పట్టు, అయినా మనం ఎన్నడన్న పట్టుకు ఎన్ని అర్థాలని లిస్ట్ రాసుకున్నమా? పక్కన జలుబు ఉంటే ఒక తీరు, చేపలు ఉంటే ఒక తీరు అర్థం చేసుకుంటం, అంతే. ఇంగ్లిషోళ్లకు పిక్ అప్ కూడ అచ్చం గిట్లనే. కాబట్టి అర్థాల లిస్ట్ పక్కన పెట్టి రెండే చూడు, ఎవరు చేస్తున్నరు, దేన్ని చేస్తున్నరు.

వస్తువు ఉంటే ఎత్తుడు. ‘షి పిక్డ్ అప్ ద బ్యాగ్’, సంచి ఎత్తుకున్నది. మనిషి ఉంటే పోయి ఎక్కించుకొచ్చుడు, ‘ఐ పిక్డ్ అప్ మై అంకుల్ ఎట్ కాజీపేట్’ అంటే మామను స్టేషన్‌ల ఎక్కించుకున్న అని, భుజం మీద ఎత్తుకున్న అని కాదు. అదే మనిషి దగ్గర పోలీసులు కర్త అయితే కథ మారుతది, ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’, మన దిక్కు కూడ ‘పోలీసోళ్లు ఎత్తుకపోయిండ్రు’ అనే అంటరు కద, ఆ ఎత్తుడే ఇది. ఫోన్ ఉంటే ఫోన్ ఎత్తుడు, ఇక్కడ కూడ మనదీ వాళ్లదీ ఒకటే మాట. బిల్ ఉంటే అందరి పైసలు ఒక్కరే కట్టుడు.

భాష ఉంటే నేర్చుకునుడు, గాని ఇది క్లాసుల కూసొని నేర్చుకునుడు కాదు, వినుకుంట వినుకుంట దానంతట అదే వచ్చుడు. ఆదిలాబాద్ దిక్కు మహారాష్ట్ర బార్డర్ ఊర్లల్ల పిల్లలకు మరాఠీ ఎవ్వరు నేర్పకుండనే వస్తది, దాన్ని ‘దే పిక్డ్ అప్ మరాఠీ’ అంటరు. ఇది సమజైతే రోగం అర్థం కూడ సమజైతది, ‘హి పిక్డ్ అప్ యాన్ ఇన్ఫెక్షన్’, అది కూడ మనం కోరుకోకుండనే తగులుకున్నది. సిగ్నల్ సంగతి ఇంకోటి, తాడ్వాయి అడవిల ఫోన్ సిగ్నల్ దొరకకపోతే ‘మై ఫోన్ కాంట్ పిక్ అప్ ఎ సిగ్నల్’.

ఇంక దేన్ని అనేది లేకుండ ఒట్టిగ వచ్చే పిక్ అప్ ఒకటి ఉన్నది, పరీక్షల ఎక్కువ మోసం చేసేది ఇదే. ఎనుమాముల మార్కెట్ల పత్తి రేటు మంచిగైతే ‘కాటన్ ప్రైసెస్ హావ్ పిక్డ్ అప్’, గాలి జోరందుకుంటే ‘ద విండ్ పిక్డ్ అప్’. ఇక్కడ ఎవరు ఎవర్ని ఎత్తుతలేరు, రేటే లేస్తున్నది, గాలే లేస్తున్నది. వెనుక ఏ వస్తువు లేకుంట వాక్యం అయిపోయి, కర్త రేటో యాపారమో గాలో అయితే పెరిగింది, మెరుగైంది అని గుర్తు వట్టు.

నేను పిల్లలకు చెప్పే ఉపాయం ఇంకోటి, ఎదురు మాట ఏందని అడుగుడు. సంచి పిక్ అప్ చేస్తే ఎదురు మాట పుట్ డౌన్. ఫోన్‌కు అయితే హ్యాంగ్ అప్. స్టేషన్ల మామను పిక్ అప్ చేస్తే ఇంటికాడ డ్రాప్ ఆఫ్. రేటుకు ఎదురు ఫాల్. నేర్చుకున్న భాషకు అయితే ఫర్గెట్ తప్ప వేరే ఎదురు మాటే దొరకదు. ఎదురు మాట మారిందంటే అర్థం మారినట్టే, నాకు తెలిసి దీనికంటే సులువైన దారి లేదు.

సినానిమ్స్ కూడ గీడికెళ్లే వస్తయి. సంచికి లిఫ్ట్, మామకు పార్సిల్‌కు కలెక్ట్, భాషకు లర్న్ లేకపోతే అక్వైర్, సిగ్నల్‌కు డిటెక్ట్, రోగానికి కాంట్రాక్ట్ లేదంటే క్యాచ్, రేటుకు ఇంప్రూవ్, ఆగిన పని మళ్ల మొదలువెడితే రిజ్యూమ్ (నౌకరికి ఇచ్చే రెజ్యుమే స్పెల్లింగ్ కూడ ఇట్లనే ఉంటది, పలుకుడు వేరు, వాక్యం జూసి చదువు). ఇవి ఒకదాని జాగల ఒకటి పెట్టేటివి కావు. ‘ఐ కలెక్టెడ్ మరాఠీ’ అంటే ఎవరికి అర్థం కాదు. కలెక్ట్, అక్వైర్, డిటెక్ట్ అసోంటివి లాటిన్, ఫ్రెంచి దిక్కుకెళ్లి వచ్చినయి, 1066ల నార్మండీ దొరలు ఇంగ్లండ్‌ను గెలిచినంక రాజ్యం, కోర్టు, చదువు అంత ఫ్రెంచిల నడిచింది, అందుకనే గసోంటి మాటలు ఇప్పటికి దరఖాస్తుల, రిపోర్టుల మంచిగ కుదురుతయి, పిక్ అప్ ఇంట్ల దోస్తుల మధ్య కుదురుతది.

రాసేటప్పుడు ఒక రూల్ మాత్రం తప్పొద్దు. ‘పిక్ అప్ ద బ్యాగ్’, ‘పిక్ ద బ్యాగ్ అప్’ రెండూ కరెక్టే, కాని ఇట్, హిమ్, దెమ్ వస్తే మధ్యలనే పెట్టాలె, ‘పిక్ ఇట్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ రాస్తే మార్కు పోతది. బండికి పికప్ లేదు అంటం సూడు, పత్తి మూటలు ఏసుకొచ్చే బండిని కూడ పికప్ అంటం, అవి నామవాచకాలు, కలిపి ఒకటే మాటగ రాస్తరు, పలికేటప్పుడు బరువు పిక్ మీద పడ్తది. క్రియ అయితే విడివిడిగ రాసి అప్ మీద ఒత్తాలె.

ఇది నీ ఒక్కదానికి కష్టమని మనసు చిన్నగ చేసుకోకు. 1755ల సామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీ ముందుమాటలనే, క్రియ ఎనుక చిన్న మాట తగిలిస్తే అర్థం మారుతదని, బయటి దేశాలోళ్లకు అన్నిటికంటే పెద్ద కష్టం ఇదేనని రాసిండు. ఆయనకు ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు కూడ లేదు, ఆ పేరు 1925ల లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతోని వాడుకల వడ్డది. అంటే ఆ పేరుకు ఇంక నూరేండ్లే, కష్టం మాత్రం పాతదే.

ప్రశ్న: నమస్తే సార్. మా ఆఫీసుల రోజు ‘ఫైల్ పుటప్ చెయ్యి’ అంటరు. మొన్న ట్రైనింగ్‌ల ఒకాయన ‘వేర్ ఆర్ యు పుట్టింగ్ అప్’ అని అడిగిండు. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకునుడట. ఇండ్ల ఏది కరెక్టు?
– ఒక ఉద్యోగి, భూపాలపల్లి

జవాబు: మూడూ కరెక్టే అన్నా, అయితే జాగ చూసుకోవాలె. ఫైల్ పుట్ అప్ చేసుడు మన సర్కారు ఆఫీసుల ఇంగ్లిష్, ఇక్కడ అందరికి తెలుస్తది, బయటి దేశపాయనకు మెయిల్ రాసేటప్పుడు మాత్రం సబ్మిట్ అని రాయిరి. ‘వేర్ ఆర్ యు పుట్టింగ్ అప్’ను మన దేశంల ఇల్లు ఎక్కడ అనే అర్థంల వాడుతరు, అసలు వాడుక అయితే రెండు రోజులు ఎక్కడన్న దిగుడుకు, లాడ్జిల ఉన్నా చుట్టాలింట్ల ఉన్నా. ‘దే పుట్ అస్ అప్ ఫర్ ద నైట్’ అంటే రాత్రికి వాళ్ల ఇంట్ల ఉంచుకున్నరని. గోడకు పోస్టర్ అంటించినా, టెంట్ ఏసినా, రేట్లు పెంచినా పుట్ అప్పే.

పుట్ అప్ విత్ మాత్రం పూర్తిగ వేరే. రామగుండం ఎండలకు ఎవరన్న కొత్తగ వచ్చి ‘హౌ డు యు పుట్ అప్ విత్ దిస్ హీట్’ అంటే, ఈ ఎండ ఎట్ల ఓర్చుకుంటున్నరు అని. టాలరేట్, బేర్, స్టాండ్ దాని సినానిమ్స్. ఇందాక పిక్ అప్‌కు చెప్పిన రూల్ దీనికి నడువది, మూడు మాటలను ఇడదీయొద్దు, ఇట్ వస్తే ఆఖర్లనే పెట్టాలె, ‘పుట్ అప్ విత్ ఇట్’.