బోధిసత్త్వుడు అంటే బుద్ధుడేనా?

కాదు, అందరి మేలు కోసం బుద్ధుడు కావాలని సంకల్పించి, ఇంకా ఆ దారిలోనే ఉన్నవాడు బోధిసత్త్వుడు. బోధి అంటే జ్ఞానోదయం, సత్త్వం అంటే ప్రాణి. తనొక్కడి దుఃఖం తీరితే చాలదనుకుంటాడు కాబట్టే దానం, ఓర్పు లాంటి పారమితలను, అంటే పరిపూర్ణం చేసుకోవాల్సిన సద్గుణాలను, జన్మజన్మలుగా సాధన చేస్తాడు. బుద్ధుడి పూర్వజన్మ కథల్లో (జాతకాల్లో) ఒకటైన మహాకపి జాతకం ఈ మాటను కళ్లకు కట్టిస్తుంది. అందులో బోధిసత్త్వుడు కోతుల రాజు. నది దాటడానికి కట్టిన తీగ పొడవు చాలలేదు. దాన్ని నడుముకు కట్టుకుని, చేతులతో అవతలి కొమ్మ పట్టుకుని, తన ఒంటినే వంతెన చేశాడు. గుంపంతా ఆయన వీపు మీదుగా దాటింది.

చాలామంది బోధిసత్త్వుడనే మాటను గౌతమ బుద్ధుడికి మరో పేరు అనుకుంటారు. జ్ఞానోదయానికి ముందు వరకే ఆయనకు ఆ పేరు వర్తిస్తుంది. బౌద్ధంలో ఒక శాఖ అయిన మహాయానంలోనైతే అవలోకితేశ్వరుడు, మంజుశ్రీ లాంటి బోధిసత్త్వులు ఎందరో ఉన్నారు. ఆ సంకల్పం మనస్ఫూర్తిగా తీసుకుంటే మామూలు మనిషీ ఆ దారిలో అడుగుపెట్టినట్టే.